పెద్ద ఫర్నేసు బంతి

(ఫ్యాక్టరీలో పరీక్షల గది. మైక్రోస్కోపు తెర ముందు భార్య. అప్పుడే లోపలికి వచ్చిన భర్త.)

"తలుపు వేసి రండి."

"రండి ఏవిటి? లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. వేసి రండి."

"ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వు 'మీరు' అన్నావంటే నాకు గుండె దడ. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ముందు తప్ప ఎప్పుడన్నావు గనక?"

"ఈ తెర చూడండి."

"భోజనం చేశావా? క్యాంటీను కట్టేస్తారు, ముందు వెళ్ళి తినేసి..."

"తెర చూడండి ముందు."

"కళ్ళజోడు పైన మర్చిపోయానే."

"నాది పెట్టుకోండి. ఇద్దరిదీ ఒకటే పవరు."

"ఊఁ. చూశాను."

"ఏం కనబడింది?"

"ఏముంది, విరిగిన ముక్క. నీ పనే విరగ్గొట్టడం. ఫ్యాక్టరీ అంతా నీకు పెట్టిన పేరే అది, విరగ్గొట్టే మేడం. నేను కాల్చి పంపడం, నువ్వు విరిచి చూడటం. ఇందులో కొత్తేముంది?"

"ఇది నేను విరగ్గొట్టింది కాదు."

"మరి?"

"డ్రిల్లు మాస్టారి తుంటిలోంచి తీసింది. అరిగిన కీలు బదులు పెట్టిన మన బంతి ముక్క."

"ఏ డ్రిల్లు మాస్టారు?"

"మనకి ఎంతమంది డ్రిల్లు మాస్టార్లు తెలుసు? మన గోడ అవతలాయన. రిటైరయ్యాక కూడా తెల్లారకుండానే ఈల ఊది వీధిలో పిల్లలందర్నీ పరిగెత్తించే ఆయన."

"అయ్యయ్యో. పడ్డాడా?"

"పడలేదు. నిన్న సాయంత్రం బూటు లేసు కట్టుకుందామని మెట్టు మీద కాలు పెట్టి వంగాడట. లోపల ఏదో టప్పుమందట. వాళ్ళావిడకి వంటింట్లోకి వినబడిందట ఆ చప్పుడు."

"పడ్డాక పలిగిందేమో. ఆయన బరువు కూడా తక్కువేం కాదు. ఈ వయసులో మెట్లెక్కడాలూ, గెంతడాలూ..."

"పడ్డాక పలిగిందో, పలిగాక పడ్డాడో, పగులు మొహం చూస్తే నాకు తెలీదా? ఇన్నేళ్ళు నేను చదివిన చదువు అదొక్కటే."

"సరే, సరే. ముక్కలు నీకెలా వచ్చాయి?"

"మా తమ్ముడు పంపాడు. ఆసుపత్రిలో పొద్దున్నే ఆపరేషన్ చేసి ఏరాడట. ఒక్కటి కాదు, గాజు పెంకుల్లా తుంటి కండంతా గుచ్చుకుని ఉన్నాయట. స్టీలు గిన్నెలో వేసి మనిషికిచ్చి పంపాడు. 'ఇది విరగదని నువ్వే కదక్కా చెప్పావు, ఎందుకు విరిగిందో కూడా నువ్వే చెప్పు' అన్నాడు. కడిగాను. ఆరబెట్టాను. మైక్రోస్కోపుకి ఆనడానికి పైన బంగారం పూత పూశాను. ఇప్పుడు మీరు చెప్పండి. రేణువులు ఎలా ఉన్నాయి?"

"కొంచెం పెద్దగా ఉన్నట్టున్నాయి."

"కొంచెమా?"

"కొంచెం ఎక్కువే."

"వీటిని నానో అని ఎవరికైనా చూపిస్తే నవ్వి పోతారు. అంత సన్నటి పొడి, గాలి తగిలితే ఎగిరిపోయే పొడి, ఎందుకు వాడుతున్నాం మనం? ఆ సన్నదనం నిలవాలనే కదా. సన్నటి సిరామిక్ రేణువులు, వాటి మధ్య మధ్య మెటల్. సిరామిక్ అరగకూడదు, మెటల్ పగలనివ్వకూడదు. ఎక్కడైనా చిన్న చీలిక బయలుదేరితే మెటల్ దారంలా సాగి రెండు అంచుల్నీ పట్టుకోవాలి. ఇక్కడేమైంది? రేణువులు ఉబ్బిపోయి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మెటలంతా మూలకి పోయి ముద్దకట్టింది. చీలికకి అడ్డెవరు? తలుపు తీసిన ఇంట్లోకి దొంగ వచ్చినట్టు సూటిగా వెళ్ళిపోయింది."

"నాకే పాఠం చెప్తున్నావా? ఆ పొడి ఎలా కలపాలో కనిపెట్టిందే నేను."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఇప్పుడు ఈ పక్క బొమ్మ చూడండి."

"ఇదెక్కడిది?"

"నా సొరుగులోది. మాస్టారి బంతి ఏ బ్యాచిదో ఇదీ అదే బ్యాచిది. పరీక్షకని మీ ఫర్నేసు సెక్షన్ నుంచి నా దగ్గరికొచ్చింది. ప్రెస్సులో పెట్టి నొక్కితే, నొక్కితే, నొక్కితే గాని విరగలేదు. ప్రెస్సే మూలిగింది కానీ అది మూలగలేదు. దీని రేణువులు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"బాగానేనా? కళ్ళకద్దుకోవాలి. ఒకే బ్యాచి, రెండిటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంది. ఒక కడుపున పుట్టినవి ఒకదానికొకటి పోలిక లేదేం?"

"ఇదిగో, నీ కళ్ళజోడు తీసుకో."

"అడిగినదానికి చెప్పవేం?"

"అమ్మయ్య, 'మీరు' పోయింది."

"మాట మార్చకు!"

"మార్చడం కాదు. ప్యాకింగులో ఎక్కడో కలగాపులగం అయ్యుంటాయి. వాళ్ళు ఈమధ్య..."

"ప్యాకింగ్ వాళ్ళ మీదికి తొయ్యకు. వాళ్ళు పెట్టెలో పెడతారు, రేణువుల్ని ఉబ్బించరు. నాకొచ్చే బంతులు ఏ ఫర్నేసులో కాలుస్తున్నావు?"

"ఫర్నేసులోనే."

"ఏ ఫర్నేసులో?"

"చూడు, సాయంత్రం ఇంటికెళ్ళాక నిదానంగా కూర్చుని..."

"ఇంట్లో నువ్వు నా మొగుడివి. ఇక్కడ ఫర్నేసు హెడ్డువి. నాకు హెడ్డుతోనే పని. చిన్నదా, పెద్దదా?"

"చిన్నది."

"ఆసుపత్రికి వెళ్ళేవి?"

"పెద్దది."

"కొన్నా, అన్నీనా?"

"అన్నీ."

"ఎప్పట్నించి?"

"పెద్ద ఫర్నేసు వచ్చినప్పట్నించీ."

"అంటే... ఆగు, ఆగు. అంటే నేను ఇన్నాళ్ళూ నొక్కి, విరిచి, కొలిచి, ఇది మనిషి ఒంట్లో పెట్టొచ్చు అని సంతకం పెట్టిన బంతులు..."

"అవీ మనవే కదా."

"అవి ఏ మనిషి ఒంట్లోకీ వెళ్ళలేదు! నా ప్రెస్సు కింద చావడానికే పుట్టాయి. మనుషుల ఒంట్లోకి వెళ్ళినవి నేను కంటితో కూడా చూడలేదు. పసిపిల్లకి బొమ్మిచ్చి ఓ మూల కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావు నన్ను."

"అలా అనకు."

"ఎలా అనను? నీ చేత్తో తెచ్చేవాడివి. సెక్షన్‌లో అంతమంది ఉండగా నువ్వే స్వయంగా, మెత్తటి కాగితంలో చుట్టి. 'ఇదిగో, నీ కోసం' అని బల్ల మీద పెట్టేవాడివి. మొగుడు నగ తెచ్చినట్టు మురిసిపోయేదాన్ని. నా పక్క సీటు అమ్మాయి కుళ్ళుకునేది కూడా."

"నేను మోసం చేద్దామని తెచ్చానా? విను. చిన్న ఫర్నేసు టీ తాగి వచ్చేలోగా వేడెక్కుతుంది, నొక్కుతుంది, చల్లారుతుంది. రేణువు ఉబ్బడానికి టైమే ఉండదు. పెద్దది అలా కాదు, పొద్దున పెడితే సాయంత్రానికి గాని దారికి రాదు."

"ఆ సంగతి నీకు తెలుసన్నమాట."

"ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. అదే పొడి, అదే అచ్చు, అదే వేడి. రెండూ ఒకటే అనుకున్నాను. నీ పరీక్షకి కావలసినవి ఏవో నాలుగు, వాటికోసం పెద్దది ఆపి తియ్యడం దేనికని చిన్నదాంట్లో వేయించాను. అంతే. అంతకంటే ఏం లేదు."

"ఒక్కటి కూడా కోసి చూడలేదా?"

"లేదు."

"పొడి డబ్బా మూత వంకరగా ఉంటే సెక్షనంతా ఎగిరిపడే మనిషివి, ఒక్క బంతి కోసి చూడలేదు?"

"పెద్ద ఫర్నేసు ప్రారంభించిన సభలో చెప్పేశాను కదా. పెద్దదీ చిన్నదీ ఒకటే, ఇక ఎన్నంటే అన్ని బంతులు, కాలు నొప్పని ఎవరూ మూల కూర్చోనక్కర్లేదని. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అంత చప్పట్ల తర్వాత వెనక్కెళ్ళి కోసి చూడాలంటే... చెయ్యి రాలేదు."

"ముందు లేచింది నేను."

"అవును. నువ్వే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఈమధ్యే."

"ఈమధ్యే అంటే?"

"పోయిన నెల. ఎందుకో అనుమానం వచ్చి ఒకటి కోశాను."

"కోసి?"

"చూశాను."

"చూసి?"

"చూసి కూర్చున్నాను."

"నెల రోజులా? నెల రోజులు నా పక్కన పడుకుని, నేను పెట్టింది తిని, ఉప్పు చాలలేదని చెప్పడానికి నోరొచ్చింది గాని ఇది చెప్పడానికి రాలేదా?"

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. నువ్వు నవ్వుతూ ఎదురొచ్చేదానివి."

"ఓహో. నా నవ్వు అడ్డొచ్చిందన్నమాట."

"పెద్దదాన్ని తొందరగా చల్లార్చే దారి వెతుకుతున్నా. దాదాపు కుదిరింది కూడా. అది సరిచేశాక చెబుదామని..."

"ఫర్నేసు సరిచేస్తే మనుషుల ఒంట్లో ఉన్న బంతులు సరవుతాయా? నువ్విక్కడ మర తిప్పితే అక్కడ మాస్టారి రేణువులు సన్నబడతాయా?"

"అందరివీ విరగవే. వెయ్యిమందిలో ఏ ఒక్కరికో..."

"ఆ ఒక్కరు ఎవరో ముందే చెప్పగలవా? చెప్పు. వెళ్ళి ఆయన్నొక్కణ్ణీ జాగ్రత్తగా కూర్చోబెడదాం. తతిమ్మా వాళ్ళని గెంతమందాం."

"ఎందుకలా మాట్లాడతావు?"

"ఎలా మాట్లాడాలి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా నాయనమ్మ అనేది. అది గింజల గురించి అనుకునేదాన్ని. మొగుడి గురించని ఇవాళ తెలిసింది."

"తిట్టు. తిట్టాల్సినంత తిట్టు. పడతాను."

"నువ్వు పడితే ఎవరికి ఒరిగింది? మాస్టారు ఈ బంతి ఎందుకు పెట్టించుకున్నాడో గుర్తుందా నీకు?"

"వదిలెయ్, ఇప్పుడది ఎందుకు?"

"ఆపరేషనంటే ఆయనకి చచ్చేంత భయం. కర్ర పట్టుకుని దేక్కుంటూ తిరిగాడు గాని ఒప్పుకోలేదు. వాళ్ళావిడ వచ్చి నా చేతులు పట్టుకుంది, మీరు చెప్తే వింటారని. అప్పుడు నేనేం చేశాను?"

"తెలుసు. చూశాను కదా."

"నోటితో చెప్పు."

"వాళ్ళ మెట్లు ఎక్కి దిగావు."

"ఎక్కి దిగడమా? మోకాళ్ళు గుండెల దాకా లేపుతూ పరిగెత్తాను, ఈ వయసులో! వీధంతా చూసింది. 'ఇదిగో మాస్టారూ, నా తుంటిలో ఉన్నదీ ఇదే, నేను పరీక్ష చేసిన బంతి, నా మాట కాకపోతే నా కాలు నమ్మండి' అన్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. 'లెఫ్ట్ రైట్ కుదిరిందమ్మా, ఇంక నాకు భయం లేదు' అన్నాడు. నువ్వు గోడ ఇవతల నిలబడి చూస్తున్నావు. చెయ్యి కూడా ఊపావు."

"ఊపాను."

"అయితే... ఉండు. పెద్ద ఫర్నేసు వచ్చాకే కదా నాకు ఆపరేషన్ అయ్యింది?"

"ఆఁ?"

"నాది కూడా పెద్దదాంట్లో కాల్చిందే కదా?"

"నీ దాని గురించి నువ్వు కంగారు పడకు."

"ఎందుకు పడకూడదు? నేను మనిషిని కాదా?"

"అది కాదు. నువ్వు సన్నగా ఉంటావు, బరువులెత్తవు, నీ ఎముక..."

"లెక్కలు చెప్పకు నాకు. ఇటు చూడు. తెర వైపు కాదు, నా వైపు. నాకు ఆపరేషన్ చేసిన రోజున నీకు తెలుసా?"

"ఏం మాటే అది?"

"తెలుసా, తెలీదా?"

"తెలిస్తే నీకు పెట్టనిస్తానా?"

"అది జవాబు కాదు."

"తెలీదు. నీ మీద ఒట్టు. చాలా?"

"నీళ్ళివ్వు కాసిని."

"ఇదిగో. నెమ్మదిగా."

"ఒకటి చెప్తాను, విను. తెలిసి చేశావంటే ఈ గదిలోంచి ఇద్దరం చెరో దారినా పోయేవాళ్ళం. నాకు ఏడుపు కూడా వచ్చేది కాదు. తెలీక చేశావు. తెలిశాక దాచావు. ఆ దాచడం నేను చచ్చేదాకా మర్చిపోను. మర్చిపోమని అడక్కు."

"అడగను."

"కానీ తెలీక చేసినవాడి పక్కన నిలబడతాను. లే. ఆసుపత్రికి వెళ్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మాస్టారికి నీ నోటితో నువ్వు చెప్పాలి. అక్కణ్ణించి డైరెక్టరు దగ్గరికి. ఈ రెండు బొమ్మలూ ఆయన బల్ల మీద పెడదాం. పెద్ద ఫర్నేసు బంతి ఎవరెవరికి పెట్టారో ఒక్కొక్కరికీ కబురు వెళ్ళాలి."

"నా ఉద్యోగం పోతుంది."

"నాదీ పోతుంది. సంతకం నాది. జైల్లో వేసినా వేస్తారు."

"ఒక్క వారం. చల్లార్చే దారి కుదిరిందని చూపిస్తూ చెబితే కాస్త..."

"ఈ వారంలో ఇంకెవరో బూటు లేసు కట్టుకుంటారు. లే అంటున్నానా. ముందు తమ్ముడికి ఫోన్ చేస్తాను."

"వాడికెందుకు? ఎలాగూ అక్కడికే వెళ్తున్నాం కదా."

"రేపు ఎవరికైనా బంతి పెడుతున్నాడేమో. ఆపాలి."

"నేను మాట్లాడతాలే. ఇలా ఇవ్వు. నువ్వు మొహం కడుక్కో, ఎర్రగా అయింది."

"చెయ్యి తియ్యి."

"నేను బయటికెళ్ళి చేస్తాను, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా..."

"చెయ్యి తియ్యమన్నానా! అదిగో, మోగుతోంది. స్పీకర్లో పెడుతున్నా, నువ్వూ విను."

"ఆఁ, అక్కా! చూశావా ముక్కలు?"

"చూశాన్రా. తప్పు నీ చేతిది కాదు, మా ఫ్యాక్టరీది. పెద్ద ఫర్నేసులో రేణువులు ఉబ్బిపోతున్నాయి. నేను పరీక్ష చేసినవి వేరు, నీకొచ్చినవి వేరు. మీ బావకి పోయిన నెలే తెలిసిందట."

"పోయిన నెలా?"

"అవును. దాచాడు. ఇప్పుడు చెప్పాడు. రేపు ఎవరికైనా ఆపరేషన్ ఉందా?"

"ఇద్దరికి ఉంది. ఆపేస్తాను."

"మా బంతి ఇంక ఒక్కటి కూడా ముట్టుకోకు. మాస్టారు ఎలా ఉన్నారు?"

"మత్తు వదిలింది. ఇప్పుడే ఆయన గదిలోంచి వస్తున్నా. నొప్పి ఎలా ఉందని నేనడిగితే ఆయన వేరే అడుగుతాడేవిటక్కా. 'మేడంగారికి చెప్పారా డాక్టరూ? ఆవిడకీ ఇదే కదా ఉంది, మెట్లు అవీ ఎక్కొద్దని చెప్పండి, ముందు ఆవిణ్ణి చూడండి' అంటాడు. మత్తు వదిలినప్పట్నించీ ఇదే మాట."

"విన్నావా? ఒంట్లోంచి పెంకులు ఏరించుకుని ఆయన నా గురించి... విన్నావా నువ్వు?"

"విన్నాను."

"తమ్ముడూ, ఇద్దరం బయల్దేరుతున్నామని ఆయనకి చెప్పు. ఆయన మొహం చూడాలంటే భయంగానే ఉందిరా. కానీ ఒక్కటి ఉంది నాకు. 'మిమ్మల్ని ఇందులోకి దింపింది నేనే మాస్టారూ, కానీ అబద్ధం చెప్పి దింపలేదు. మీకేం పెట్టారో నాకూ అదే పెట్టారు. మీతోపాటే నేనూ మోసపోయాను' అని చెప్తాను. ఆ ఒక్క మాటే లేకపోతే ఆ గది గడప తొక్కలేను. ఆయన పక్క మంచం నాకివ్వు. నాదీ తీసెయ్యి."

"అక్కా..."

"ఏంరా?"

"బావ నీ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు. వింటున్నాడు."

"బావా, నువ్వింకా చెప్పలేదా?"

"ఫోన్ పెట్టెయ్‌రా. మేం వస్తున్నాం, వచ్చాక మాట్లాడదాం."

"ఏం చెప్పలేదు?"

"ఏం లేదే, వాడేదో..."

"నువ్వు ఉండు. తమ్ముడూ, ఏం చెప్పలేదు?"

"పెట్టెయ్యమంటున్నానా!"

"పెట్టావంటే నువ్వు నా తోడబుట్టినవాడివే కాదు. చెప్పు."

"మాస్టారితో ఆ మాట మాత్రం అనకక్కా. నీ తుంటిలో ఉన్నది మన బంతి కాదు. నీ ఆపరేషన్ ముందురోజు బావ నా గదికొచ్చి, 'అక్కకి మాత్రం వేరే కంపెనీది పెట్టు, దానికి తెలియనివ్వకు' అని చేతులు పట్టుకున్నాడు. ఎందుకని నేనూ అడగలేదు."